వసంతమ్మ సిస్టర్ నేర్పిన పని

ఉదయం ఏడు దాటగానే మా వార్డులో లేవలేని రోగులకు ఒళ్ళు తుడిచే పని మొదలవుతుంది. స్టీలు బేసిన్లలో వేడినీళ్ళు పోసి సబ్బు కలిపితే ఒక వాసన లేస్తుంది. ఫినాయిలు వాసననూ మందుల వాసననూ పక్కకు నెట్టి, ఆ సబ్బునీళ్ళ ఆవిరి వార్డంతా మెల్లగా పరుచుకుంటుంది. చిక్కబళ్ళాపురలో ఈ ఆసుపత్రికి వచ్చి చాలా ఏళ్ళయింది. అయినా ఆ ఆవిరి ముఖానికి తగిలినప్పుడల్లా నేను కాసేపు చింతామణిలో, నా మొదటి ఉద్యోగపు వార్డులో ఉంటాను. రెండు వరసల మంచాలు, ఎత్తయిన కిటికీలు, వాటి నడుమ తెల్లచీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకొని, మోచేతుల దాకా తడిసిన చేతులతో వేగంగా నడిచే ఒక పొట్టి మనిషి. ఆమె పేరు వసంతమ్మ. ఆ వార్డు ఇన్‌చార్జి. రోగులు, డాక్టర్లు, కాంటీన్ వాళ్ళు అందరూ వసంతమ్మ సిస్టర్ అనే పిలిచేవాళ్ళు. నన్ను నర్సును చేసింది కాలేజీ అని సర్టిఫికెట్టులో ఉంటుంది. అసలు చేసింది ఆమె.

మాది బాగేపల్లి తాలూకాలో గూళూరు దగ్గర చిన్న పల్లె. తాతల నాటినుంచీ సేద్యం. వాన పడితే శనక్కాయ, రాగి. బోరులో నీళ్ళుంటే టమాటా. నేను బెంగుళూరులో నర్సింగ్ చదువుతానన్నప్పుడు మా నాయన అడ్డుచెప్పలేదు గానీ, ఊళ్ళో ఎవరైనా అడిగితే "మావాడు ఆస్పత్రిలో మిషన్లు చూసుకుంటాడు" అని చెప్పేవాడు. నర్సు అనే మాట ఆయన నోటినుంచి వచ్చేది కాదు. ఆ రోజుల్లో నాకూ ఆ మాటే ఇష్టంగా ఉండేది. నిజానికి నాకూ మిషన్లంటేనే మోజు. మానిటర్లు, పంపులు, నరం దొరకని చేతికి ఒక్క పోటుతో సూది పెట్టడం, ఇవే నర్సింగ్ అనుకున్నాను. ఒళ్ళు తుడవడం, పక్క సర్దడం ఎవరైనా చేసే పనులనుకున్నాను. చింతామణిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. జ్వరాలు, షుగరు, పక్షవాతం మొదలుకొని ఆపరేషన్ అయినవాళ్ళ దాకా అందరూ ఉండే పెద్ద వార్డులో నన్ను వేశారు. ఆ వార్డు నర్సుల్లో నేనొక్కడినే మగవాణ్ణి.

మొదటి రోజు వసంతమ్మ సిస్టర్ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ముందు నా గోళ్ళు చూపించమంది. అవి బాగానే ఉన్నాయని తేలాక అడిగింది.

"ఏమప్పా నరసింహులూ, సూది బాగా ఏస్తావా?"

"ఏస్తాను సిస్టర్. మా క్లాసులో నేనే ఫస్టు."

"మంచిది. సూది ఏసేదానికి అర నిమిషం పడతాది. మిగిలిన దినమంతా ఏం జేస్తావు?"

ఆమె ఒక ఖాళీ మంచం చూపించి పక్క వేయమంది. వేశాను. దుప్పటి అంచులు మడిచి, మూలలు పరుపు కిందికి దోపి, కాలేజీలో నేర్పినట్టే వేశాననుకున్నాను. ఆమె అరచేతిని దుప్పటి మీద ఒక చివరినుంచి ఇంకో చివరికి నడిపించింది. నడుము వచ్చేచోట చేయి ఆగింది. అక్కడ సన్నటి ముడత ఉంది. దాన్ని సరిచేయలేదు. నన్ను ఆ ముడత మీదే వెల్లకిలా పడుకోమంది. కాళ్ళూ చేతులూ పనిచేయని మనిషిలాగా, తాను చెప్పేదాకా కదలకుండా ఉండమంది. మధ్యాహ్నం అన్నాల వేళ. చుట్టూ ఉన్న రోగుల ఇంటివాళ్ళు క్యారియర్లు విప్పుకుంటూ నన్ను చూసి నవ్వుకున్నారు. మొదట నాకూ నవ్వొచ్చింది. కాసేపటికి ముడత ఉన్నచోట దురద మొదలైంది. ఇంకాసేపటికి అది మంటైంది. మడమల్లో సూదులు గుచ్చినట్టు ఉంది. తల పక్కనే బల్ల మీద గ్లాసుతో నీళ్ళున్నాయి, దాహంగా ఉంది, చేయి చాపకూడదు. సీలింగ్ ఫ్యాను రెక్కలు ఎన్నని చూస్తూ ఎంతసేపు గడిపానో తెలియదు.

ఆమె వచ్చి లేవమని, అద్దం తెచ్చి నా నడుము నాకే చూపించింది. ముడత పొడవునా ఎర్రటి గీత. దాని మీద వేలితో నొక్కి వదిలింది. తెల్లబడి మళ్ళీ ఎర్రబడింది.

"ఇట్ల తెల్లగై మళ్ళీ రంగొస్తే చర్మం ఇంకా బతికుండాదని. నొక్కినా ఎర్రగానే ఉంటే లోపల చెడిపోతాండాదని. నువ్వు లేచి గోక్కున్యావు. ఆయప్పకి ఎవురు గోకుతారు?" అంటూ ఎదురు మంచం వైపు చూపించింది. పక్షవాతంతో పడిపోయిన ఒక పెద్దాయన కళ్ళు తెరిచి కప్పు వైపు చూస్తున్నాడు. "రెండు గంటలకొకసారి ఆయప్పని తిప్పాల. తిప్పినప్పుడల్లా వీపు చూడాల. ఇప్పుడు పోయి తిప్పు."

వెళ్ళి తిప్పాను. కాలేజీలో మూడేళ్ళు పరీక్షల కోసం చదివిన విషయమే అది. ఆ మధ్యాహ్నం నా నడుములోకి ఎక్కింది. అయితే అంతటితో నేను మారిపోయానని చెప్పలేను. పక్కలు బాగా వేయడం నేర్చుకున్నాను, అంతే. తక్కువ పని అనుకున్న ఇంకొకదాన్ని మాత్రం అలాగే వదిలేశాను. దాని వల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది.

ఆయన పేరు గంగులప్ప. మా తాలూకాలోనే పరగోడు రైతు. పేగు మెలిపడి వస్తే ఆపరేషన్ చేసి కొంత పేగు తీసేసి మిగిలింది కుట్టారు. మూడో రోజు ఉదయం డ్యూటీ నాది. ఆరు మంచాలకు జ్వరం, నాడి, బీపీ, ఊపిరి చూసి చార్టులో రాయాలి. జ్వరానికీ నాడికీ బీపీకీ మిషన్లున్నాయి. ఊపిరికి మాత్రం మనిషి నిలబడి ఛాతీ వైపు చూస్తూ లెక్కపెట్టాలి. నేను లెక్కపెట్టేవాణ్ణి కాదు. అందరికీ మామూలు లెక్కన నిమిషానికి ఇరవై అని రాసేసేవాణ్ణి. నాకు తెలిసిన చాలామంది అలాగే రాసేవాళ్ళు. ఆ రోజు గంగులప్పకు జ్వరం పెద్దగా లేదు, బీపీ పరవాలేదు, నాడి మాత్రం కాస్త వేగంగా ఉంది. "ఎట్లుండావప్పా?" అంటే "బాగుండాను" అన్నాడు. ఆయన భార్య నారాయణమ్మ మంచం పక్కనే నిలబడి, "ఏమో సామీ, ఈయప్ప ఎప్పటి మాదిరి లేడు. పొద్దున్నుంచి మాటే తగ్గించినాడు" అంది. "ఆపరేషనైనంక అట్లే ఉంటాదిలేమ్మా" అని ఇరవై రాసి పక్క మంచానికి వెళ్ళాను.

పది గంటలకు వసంతమ్మ సిస్టర్ చార్టులు చూస్తూ వచ్చింది. ఆరు చార్టులూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి నన్ను పిలిచింది.

"ఈ ఆరుమందీ మాట్లాడుకొని ఒకే లెక్కన ఊపిరి తీస్తాండారా ఏమప్పా?"

నేను తల దించుకున్నాను. ఆమె నేరుగా గంగులప్ప దగ్గరికి వెళ్ళి నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుంది. ఊపిరి లెక్కపెడుతున్నామని తెలిస్తే మనిషి ఊపిరి మార్చుకుంటాడు, అందుకని. చేయి మణికట్టు మీద, చూపు ఛాతీ మీద. పూర్తిగా ఒక నిమిషం. నేనూ పక్కన నిలబడి లోపల్లోపల లెక్కపెట్టాను. ఇద్దరికీ ముప్పై నాలుగు వచ్చింది. ఆమె పొట్ట మీద మెల్లగా చేయి ఆనించింది. చెక్కలా ఉంది. మూత్రం సంచి ఎత్తి చూసింది. అడుగున కొంచెమే, ముదురు రంగులో. నారాయణమ్మ వైపు తిరిగి, "నీకేమనిపిస్తాంది చెప్పమ్మా" అంది. నారాయణమ్మ నాకు చెప్పిన మాటే మళ్ళీ చెప్పింది. సిస్టర్ ఒక్కసారి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే భరించేవాణ్ణేమో.

ఫోను తీసి డాక్టరుతో కన్నడలో మాట్లాడింది. "సార్, బేగ బన్ని" అని త్వరగా రమ్మని చెప్పి, ఊపిరి ఎంత, నాడి ఎంత, పొట్ట ఎలా ఉంది, మూత్రం ఎంత వచ్చింది, అన్నీ వరసగా తడుముకోకుండా చెప్పింది. చివర్లో, మనిషిలో తేడా ఉందని ఆయన భార్య అంటోందని కూడా చెప్పింది. డాక్టరు వచ్చాడు. కుట్టిన పేగు దగ్గర లీకైందని తేల్చి మధ్యాహ్నం లోపే మళ్ళీ ఆపరేషన్‌కు తీసుకెళ్ళారు. థియేటర్ తలుపులు మూసుకున్నాక నేను వార్డుకు తిరిగొచ్చి చార్టు ముందు కూర్చున్నాను. ఇరవైని దిద్దితే ముప్పై చేయడం సులభం. పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా. వసంతమ్మ సిస్టర్ ఎప్పుడొచ్చిందో, పెన్ను మీద చేయి వేసింది.

"పొద్దున ఆయప్ప ఊపిరి ఎంతుండె, నీకు తెలుసునా?"

"తెలీదు సిస్టర్."

"అయితే తెలీదనే రాయి. ఇరవై మీద ఒకే గీత కొట్టు, కింద అక్షరాలు కనపడాల. పక్కన 'లెక్కపెట్టలేదు' అని రాసి సంతకం పెట్టు. డాక్టరుకి నువ్వే చెప్పు. ఆయమ్మకీ నువ్వే చెప్పు."

రాశాను. డాక్టరు దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన అందరి ముందే తిట్టాడు, పడ్డాను. నారాయణమ్మకు చెప్పడమే కష్టమైంది. థియేటర్ బయట బల్ల మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుని ఉంది. పక్కన కూర్చుని, ఉదయం నేను ఊపిరి చూడలేదమ్మా, చూసినట్టు రాశాను, నువ్వు చెప్పిన మాట కూడా పట్టించుకోలేదు అన్నాను. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను.

"ఇంకమీదన్నా సరిగ్గా చూసుకుంటావా?" అంది చివరికి.

"చూసుకుంటానమ్మా."

"అయితే ఈడే ఉండు. యాడికీ పోవద్దు."

గంగులప్ప బతికాడు. అయిదు రోజులు ఐసీయూలో ఉండి మళ్ళీ మా వార్డుకు వచ్చాడు. వచ్చిన రోజే సిస్టర్ ఆయన మంచాన్ని నాకు అప్పగించింది. శిక్షగా అప్పగించినట్టు లేదు. నమ్మి అప్పగించినట్టే ఉంది. ఆయన నోరు ఎండిపోతే తడిగుడ్డ చుట్టిన వేలితో నాలుకా చిగుళ్ళూ తుడిచేవాణ్ణి. దగ్గితే కుట్లు నొప్పి పెడతాయని ఆయన దగ్గు ఆపుకొనేవాడు. అలా ఆపుకొంటే ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది. పొట్ట మీద దిండు ఆనించి, దాన్ని రెండు చేతులతో అదుముకొని దగ్గడం నేర్పాను. మంచం దించి నిలబెట్టే ముందు కాసేపు కూర్చోబెట్టి, కళ్ళు తిరగడం లేదని చూసుకొని, అప్పుడు లేపేవాణ్ణి. మొదటి రోజు మంచం నుంచి కుర్చీ దాకా. మరుసటి రోజు కిటికీ దాకా. రోజూ ఉదయం సిస్టర్ రౌండుకు రాగానే అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "గంగులప్పా, గాలి పోయిందా?" పొట్ట ఆపరేషనైన మనిషికి అపానవాయువు కదిలితే పేగు పనిచేయడం మొదలైందని అర్థం. ఆయన సిగ్గుతో దుప్పటి ముఖం మీదికి లాక్కొనేవాడు. నాలుగో రోజు వార్డంతా నిశ్శబ్దంగా ఉన్న వేళ పెద్ద చప్పుడుతో ఆ శుభవార్త వచ్చింది. నారాయణమ్మ లేచి నిలబడి, "పోయింది సిస్టర్, పోయింది!" అని వార్డు ఆ చివరిదాకా వినపడేట్టు అరిచింది. చుట్టూ మంచాల వాళ్ళు పొట్టలు పట్టుకొని నవ్వారు. గంగులప్ప కూడా దిండు అదుముకొని నవ్వాడు.

ఆ వారంలోనే మా నాయన వార్డుకు వచ్చాడు. పెళ్ళి సంబంధం ఒకటి చూశారు. పిల్ల తండ్రి నేనేం పని చేస్తానో నేరుగా చూస్తానన్నాడట. దాంతో నాయన కంగారుపడి, ఏదో ఒక ఆఫీసు పనిలోకి మారమని నాకు చెప్పడానికి వచ్చాడు. ఆయన వచ్చేసరికి నేను గంగులప్పకు మలం బేసిన్ తీసి, శుభ్రం చేస్తున్నాను. నాయన గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ ముఖం ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. చేతులు కడుక్కొని వెళ్ళేలోపే వసంతమ్మ సిస్టర్ ఆయనకు కుర్చీ వేయించి మాటల్లో దింపింది.

"ఏమప్పా, ఎన్ని ఆవులుండాయి మీకు?"

"మూడుండాయమ్మా."

"ఈనేటప్పుడు దూడ అడ్డం తిరిగితే ఏం జేస్తావు?"

"చెయ్యి పెట్టి తిప్పుతాను. ఇంకేం జేస్తాము?"

"అసయ్యమనిపించదా?"

"యాడ అనిపిస్తాదమ్మా? ఆ పొద్దు దాని పానం ఒక్కటే కనపడతాది."

నాయన నోట ఆ మాట వచ్చాక ఆయనకే అర్థమైంది. అప్పుడే గంగులప్ప మంచం మీదినుంచి, "ఈ పిల్లోడు మీ వాడా? వాణ్ణి పట్టుకొనే నేను మళ్ళీ నడుస్తాండాను" అన్నాడు. ఇద్దరూ ఒకే తాలూకా రైతులు, బోర్ల లోతు గురించీ టమాటా తెగుళ్ళ గురించీ మాటల్లో పడ్డారు. వెళ్ళేముందు నాయన నాతో ఆఫీసు పని ఊసెత్తలేదు. తర్వాత మా అమ్మ చెప్పింది. బాగేపల్లిలో బస్సు దిగగానే పిల్ల తండ్రి ఎదురుపడితే, నాయన "మావాడు నర్సు. వచ్చి చూడు కావాలంటే" అన్నాడట. ఆ సంబంధం కుదరలేదు. ఏడాది తర్వాత ఇంకొకటి కుదిరింది. ఆ పిల్లకు మాత్రం నా పని మొదటే పూర్తిగా చెప్పారు.

వసంతమ్మ సిస్టర్ తన గురించి తక్కువ మాట్లాడేది. చింతామణి బజారులో అంగడి నడిపే వ్యాపారుల ఇంటి పిల్ల అనీ, ఆ ఇంట్లో నర్సింగ్‌కు వెళ్ళిన మొదటి మనిషి తనేననీ తెలుసు. ఒకసారి మాత్రం, గాయం కట్టు మారుస్తూ, తన చిన్నప్పుడు వాళ్ళమ్మ చాలా నెలలు మంచంలో ఉందని చెప్పింది. ఇంటినిండా మనుషులుండేవాళ్ళట. అందరికీ ఆమె అంటే ప్రేమేనట. "ప్రేమ ఉండె, తిప్పాలని ఎవురికీ తెలీకపాయె" అంది. వీపున పడిన పుండే చివరికి ఆమెను తీసుకుపోయింది. ఆ మాట చెప్పి కట్టు ముగించి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. నేను ఆమెతో ఏడేళ్ళు పనిచేశాను. తర్వాత చిక్కబళ్ళాపురలో ఇన్‌చార్జి ఉద్యోగం వస్తే, వెళ్ళనా వద్దా అని ఆమెనే అడిగాను. "పో. నీకు తెలిసింది నీ కాడే పెట్టుకుంటే ఏం లాభం?" అంది.

ఆమె రిటైరైన మూడేళ్ళకు ఒక ఉదయం మా వార్డుకే స్ట్రోక్‌తో వచ్చింది. తమ్ముడూ మరదలూ తీసుకొచ్చారు. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. నేను సెలవులో ఉండి మరుసటి రోజు డ్యూటీకి వచ్చేసరికి, ఇద్దరు నర్సులు ఆమెను పక్కకు తిప్పుతున్నారు. తిప్పడం తప్పుగా ఏమీ లేదు. వేళకు తిప్పారు, వీపు చూశారు, దిండ్లు సరిగ్గా పెట్టారు. తిప్పుతున్నంతసేపూ ఒకరితో ఒకరు ఏదో పెళ్ళి గురించి మాట్లాడుకుంటున్నారు. నేను మంచానికి ఇవతలి వైపు ఉన్నాను కాబట్టి ఆమె ముఖం నాకు కనిపించింది. ఎటు తిప్పుతున్నారో తెలియక, పడిపోతానేమోనని ఎడమచేత్తో మంచం కడ్డీని గట్టిగా పట్టుకొని ఉంది. కళ్ళలో భయం. ఆమె కళ్ళలో అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. నా వార్డు అది. పద్ధతులన్నీ నేను నేర్పినవి. తిప్పే ముందు రోగికి చెప్పడం ఒక్కటి నేర్పలేదని అప్పుడు తెలిసింది. నేనే చేసేవాణ్ణి కాదు మరి.

మధ్యాహ్నం తిప్పే వేళకు నేనే వెళ్ళాను. ఆమె చూపుకు ఎదురుగా వంగి, "సిస్టర్, నేను నరసింహులుని. చిక్కబళ్ళాపుర ఆస్పత్రిలో ఉండారు మీరు. ఇప్పుడు మిమ్మల్ని ఎడం పక్కకి తిప్పుతాను. కింద పడరు, నేను పట్టుకొనుండాను" అన్నాను. ఒక్కొక్క మాటా నిదానంగా. కడ్డీ మీది వేళ్ళు ఒక్కొక్కటే వదులైనాయి. నడుము కింద చేయి పెట్టబోతుంటే ఆమె పెదవులు కదిలాయి. ముందు గాలి వచ్చింది, తర్వాత శబ్దం. వంగి చెవి ఆమె నోటి దగ్గర పెట్టాను.

"చెయ్... సల్లగ..."

నా చేతులు చల్లగా ఉన్నాయని. స్ట్రోక్ వచ్చాక ఆమె పలికిన మొదటి మాట అదే, నా పని తప్పు పట్టిన మాట. ఆమె మరదలు ఏడ్చేసింది. నేను నవ్వుతూ వెళ్ళి వేడినీళ్ళలో చేతులు పెట్టుకొని, తుడుచుకొని వచ్చి తిప్పాను. ఆ తర్వాత ఆమె చాలావరకు కోలుకుంది. మాట పూర్తిగా రాలేదు, కర్ర లేకుండా నడవలేదు, కానీ తన అన్నం తానే తినింది, తన తల తానే దువ్వుకొంది. చింతామణికి వెళ్ళినప్పుడల్లా చూసి వచ్చేవాణ్ణి. పోయినేడు పోయింది. వాళ్ళమ్మలాగా కాదు. మంచాన ఉన్న చివరి నెలలో మరదలు వేళ తప్పకుండా తిప్పింది. వీపున ఒక్క మచ్చ లేదని ఫోనులో నాకు చెప్పినప్పుడు ఆ గొంతులో గర్వం ఉంది.

ఇప్పుడు మా వార్డులో ఒక నియమం ఉంది. ఏ రోగిని ముట్టుకున్నా ముందు పేరు పెట్టి పిలవాలి, తామెవరో చెప్పాలి, ఏం చేయబోతున్నారో చెప్పాలి. స్పృహ లేని వాళ్ళకైనా సరే. కొత్తగా వచ్చిన వాళ్ళకు ఇది కొంచెం సిగ్గుగా ఉంటుంది. మొన్న ఒకమ్మాయి, కోమాలో ఉన్న ఒక ముసలాయన మంచం దగ్గర ఆగి, "సార్, ఈయనకు వినపడుతుందా?" అని అడిగింది.

"నాకు తెలియదమ్మా. చెప్పి తిప్పు" అన్నాను.

ఆమె ఆయన ముఖం మీదికి వంగి, పేరు పెట్టి పిలిచింది.